బెర్లిన్‌లో అద్దె ఇంటి బాల్కనీకి సోలార్ పెడితే గిట్టుబాటవుతుందా?

స్వాతి_బెర్లిన్
అందరికీ నమస్కారం. మేం ఫ్రీడ్రిక్స్‌హైన్‌లో అద్దెకుంటున్నాం. పాత ఆల్ట్‌బౌ బిల్డింగు, మూడో అంతస్తు, బాల్కనీ నైరుతి వైపు. వీధికి అవతల కూడా అంతే ఎత్తు బిల్డింగు ఉంది. ఈ వేసవిలో మా వీధిలో కొన్ని బాల్కనీలకు సోలార్ ప్యానెళ్లు కనిపించాయి, అప్పటి నుంచీ మనసు అటే లాగుతోంది. యూనిట్‌కి 36 సెంట్లు కడుతున్నాం. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను, మావారు రోజూ ఆఫీసుకే.

ఇంతకీ ఈ ఊళ్లో ఉండే ఎండకు ఇది పనికొస్తుందా? ఓనర్ ఒప్పుకోకపోతే ఏం చేయాలి? ఇప్పుడు అక్టోబర్ కదా, కొనాలంటే ఇప్పుడే కొనాలా, ఆగాలా? వాడుతున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

గోదావరి_కిరణ్
స్వాతి గారూ, నేనైతే వద్దనే అంటాను. డిసెంబర్‌లో బెర్లిన్‌లో పగలు దాదాపు ఎనిమిది గంటలే, అందులో సగం రోజులు సూర్యుడే కనపడడు. వేసవిలో ఎండ బాగానే ఉంటుంది కానీ ఆ టైమ్‌కి ఇంట్లో మనిషి ఉండడు. బాల్కనీ ప్యానెళ్ల దగ్గర మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి ఉత్తినే పోతుంది, పైసా రాదు. పైగా అద్దె ఇల్లు. రేపు ఖాళీ చేయమంటే ఆ ప్యానెళ్లు మోసుకుని తిరగాలి. ఆ డబ్బుతో పాత ఫ్రిజ్ మార్చుకుంటే ఎక్కువ మిగులుతుంది.

కరెంటు_రమణ
కిరణ్ చెప్పినవన్నీ నిజమే, లెక్కే పూర్తిగా చెప్పలేదు. స్వాతమ్మా, నేను ఎలక్ట్రికల్ వాణ్ణి, ఇక్కడ ఇలాంటివి చాలామందికి దగ్గరుండి పెట్టించాను. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఎండ సంగతి. బెర్లిన్ 52.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 61 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. డిసెంబర్‌లో 14 డిగ్రీలే. అయినా మంచి వాలు ఉన్న దక్షిణం కప్పు మీద ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాదికి 950 నుంచి 1000 యూనిట్లు ఇస్తాయి. హైదరాబాద్‌లో 1400 పైన వస్తుంది. అంటే మన దగ్గర వచ్చేదాంట్లో మూడింట రెండు వంతులు. ఎండ తక్కువని జనం అనుకునేంత తక్కువేం కాదు.

అసలు సమస్య ఎదురు బిల్డింగు. పాత బెర్లిన్ బిల్డింగుల చూరు దాదాపు 22 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అప్పటి నిర్మాణ నియమం అది. నీ బాల్కనీ రెయిలింగు నేల నుంచి 12 మీటర్లు అనుకుందాం. ఎదుటి చూరు నీకంటే 10 మీటర్లు పైన ఉన్నట్టు. డిసెంబర్‌లో 14 డిగ్రీల సూర్యుడికి ఆ 10 మీటర్ల గోడ నీడ 40 మీటర్లు పడుతుంది. మీ వీధి వెడల్పు గోడ నుంచి గోడకి 22 మీటర్లుంటే ఆ నెలంతా మధ్యాహ్నం నీ ప్యానెల్ నీడలోనే. మార్చి, సెప్టెంబర్ నెలల్లో అదే నీడ 13 మీటర్లకు తగ్గుతుంది, నీదాకా రాదు. సుమారుగా ఫిబ్రవరి మధ్య నుంచి అక్టోబర్ చివరి దాకా నీకు మధ్యాహ్నం ఎండ ఉంటుంది. ఏడాది కరెంటులో చాలా భాగం వచ్చేది కూడా ఆ నెలల్లోనే.

ఇక యూనిట్లు. 440 వాట్ల ప్యానెళ్లు రెండు, 800 వాట్ల ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె). నైరుతికి నిటారుగా వేలాడదీస్తే, నీడ అసలు లేకపోతే ఏడాదికి 500 దాటతాయి. నీ నీడ తీసేసి 400 అనుకో. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫ్రిజ్, రౌటర్, స్టాండ్‌బైలో ఉన్నవి కలిపి 100 వాట్లు లాగుతూనే ఉంటాయి. నువ్వు మూడు రోజులు ఇంట్లోనే ఉంటానన్నావు. 400లో 240 దాకా నీ ఇంట్లోనే ఖర్చవుతాయి. 240 ఇంటూ 36 సెంట్లు, ఏడాదికి 86 యూరోలు. మామూలు సెట్టు ఇప్పుడు 300 నుంచి 500 యూరోల మధ్య దొరుకుతోంది. మూడున్నర నుంచి ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది, ప్యానెళ్లు ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తాయి.

ఇల్లు మారితే మోసుకెళ్లడం కష్టమే, కాదనను. ఒక్కో ప్యానెల్ ఇరవై కిలోలకు పైనే ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒక పూట పని.

మాల్స్‌డోర్ఫ్_శ్రీను
రమణ అన్న చెప్పాక బాల్కనీ గురించి నేను చెప్పేదేం లేదు. సొంత ఇల్లు ఉన్నవాళ్లు కూడా ఈ థ్రెడ్ చదువుతారు కాబట్టి కప్పు లెక్క రాస్తున్నా. మాది మాల్స్‌డోర్ఫ్‌లో రైహెన్‌హౌస్, అంటే వరసగా ఆనుకుని కట్టిన ఇళ్లలో ఒకటి. కప్పు ఒక వైపు తూర్పుకి, ఒక వైపు పడమటికి. రెండు వైపులా కలిపి 9 కిలోవాట్లు.

ఏడాదికి 7500 యూనిట్ల చుట్టూ వస్తాయి. అందులో డిసెంబర్ నెలంతా కలిపితే 130 చుట్టూ, జూన్ ఒక్క నెలే 1100. ఈ తేడా తెలియకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు. నాకు కొటేషన్ ఇచ్చిన ఒక కంపెనీ సేల్స్ మనిషి ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి "నెలకు ఇంత" అని చూపించాడు. నెలవారీ పట్టిక అడిగితే మాట మార్చాడు. యూరోపియన్ కమిషన్ వాళ్ల పీవీజీఐఎస్ అనే సైట్ ఉంది, ఉచితం. మీ అడ్రస్, కప్పు వాలు, దిక్కు ఇస్తే నెల నెలకూ లెక్క చూపిస్తుంది. కొటేషన్ తీసుకునే ముందే అది ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి.

డబ్బు సంగతి. బ్యాటరీ లేకుండా మా ఇంట్లో వాడుకునేది 1600 యూనిట్లు, మిగిలిన దాదాపు 6000 గ్రిడ్‌కి పోతాయి. ఆగస్టు 2025లో కొత్తగా పెట్టినవాళ్లకి, 10 కిలోవాట్ల లోపు అయితే, యూనిట్‌కి 7.86 సెంట్లు ఖరారైంది. ఆ రేటు ఇరవై ఏళ్లు మారదు. ఈ లెక్కన ఏడాదికి సుమారు వెయ్యి యూరోల లాభం. పెట్టుబడి 14 వేలు. పద్నాలుగేళ్లు! మా ఆవిడ ఇది చూసి "ఇంకేం లాభం" అంది. ఎలక్ట్రిక్ కారు వచ్చాక లెక్క మారింది. పగలు ఇంట్లో ఉన్నప్పుడు కారు చార్జింగ్ పెడితే గ్రిడ్‌కి 8 సెంట్లకు పోయే కరెంటు 35 సెంట్ల కరెంటుకి బదులు వాడినట్టే. ఏడాదికి 1500 యూనిట్లు అలా మళ్లిస్తే ఇంకో 400 యూరోలు కలుస్తాయి, పదేళ్లకు దిగింది.

జనవరి 2023 నుంచి ఇళ్ల సోలార్ మీద వ్యాట్ సున్నా, ప్యానెళ్లకూ బ్యాటరీకీ బిగింపుకీ కూడా. 30 కిలోవాట్ల దాకా ఆదాయపు పన్ను కూడా లేదు. బిల్లులో 19 శాతం వేస్తే ఎందుకని అడగండి.

గోదావరి_కిరణ్
శ్రీనూ, ఆ 7.86 కూడా ఉంటుందన్న నమ్మకం లేదు కదా. కొత్తగా పెట్టే చిన్న ప్యానెళ్లకు ఇక సాయం అక్కర్లేదని ఆర్థిక వ్యవహారాలు, ఇంధన శాఖ మంత్రి కాథరీనా రైషె ఆగస్టు 2025లోనే అన్నారు.

మాల్స్‌డోర్ఫ్_శ్రీను
అన్నారు. పాతవాళ్ల రేటు మారదు, ఆ మాట కూడా అదే మంత్రి చెప్పారు. కప్పు సొంతమై, పగటిపూట వాడకం ఉన్నవాళ్లు ఆలస్యం చేయకపోవడమే మంచిది. ఫిబ్రవరి 2025లో వచ్చిన చట్టం ఇంకోటి చూసుకోవాలి. కొత్త కప్పులకు స్మార్ట్ మీటర్ వచ్చాక మార్కెట్లో రేటు సున్నా కంటే కిందికి పోయిన గంటల్లో డబ్బు రాదు, ఆ గంటల్ని ఇరవై ఏళ్ల చివర కలుపుతారు. స్మార్ట్ మీటర్ లేకపోతే ప్యానెళ్ల సామర్థ్యంలో 60 శాతానికి మించి గ్రిడ్‌కి పంపనివ్వరు. అమ్ముకుని బతికే కాలం పోయింది. వాడుకున్నదే లాభం.

భాగ్యనగర్_విజయ్
నేను హైదరాబాద్ నుంచి. మా అన్నయ్య బెర్లిన్‌లో ఉంటాడు కాబట్టి ఈ ఫోరం చూస్తుంటాను. ఒక డౌట్. ఇక్కడ మేం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టించుకున్నాం, కేంద్రం 78 వేల సబ్సిడీ ఇచ్చింది. పగలు గ్రిడ్‌కి పంపిన యూనిట్లు మా బిల్లులో తీసేస్తారు, నెట్ మీటరింగ్. జర్మనీ లాంటి దేశంలో అది లేదా? పంపేది 8 సెంట్లకి, కొనేది 36కా?

కరెంటు_రమణ
అవును విజయ్, అదే తేడా. మీకు గ్రిడ్డే బ్యాటరీలా పనిచేస్తుంది. ఇక్కడ అమ్మే రేటు వేరు, కొనే రేటు వేరు. అందుకే బెర్లిన్‌లో ఎన్ని యూనిట్లు తయారయ్యాయి అన్నదానికంటే ఏ గంటలో వాడాం అన్నది ముఖ్యం.

ఎండ విషయంలో బెర్లిన్‌కి ఉన్న ఒక అనుకూలత కూడా చెప్పాలి. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో కప్పు మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ ఏప్రిల్‌లో చల్లగాలి, నీలం ఆకాశం కలిసి వస్తాయి. ఇన్వర్టర్ పూర్తి సామర్థ్యాన్ని తాకేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

స్వాతి_బెర్లిన్
రమణ గారూ, శ్రీను గారూ, చాలా థాంక్స్. ఆ నీడ లెక్క నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. ఇంకో రెండు అడగాలి. బ్యాటరీతో కలిపి కొనమని ఎక్కడ చూసినా ప్రకటనలే, తీసుకోవాలా? ఇక ఓనర్ సంగతి. మా హౌస్‌ఫెర్వాల్టుంగ్‌కి (ఓనర్ తరఫున బిల్డింగు చూసే ఆఫీసు) ఫోన్ చేస్తే "బిల్డింగు ముందు వైపు ఏదీ వేలాడదీయకూడదు" అని ఒక్క మాటతో పెట్టేశారు. అప్పటి నుంచీ ఒకటే టెన్షన్. ఇల్లు పోగొట్టుకునే పని మాత్రం చేయలేను. ఈ ఊళ్లో ఇంకో ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకందరికీ తెలుసు.

ప్రెంజ్‌లావర్_పద్మ
స్వాతీ, టెన్షన్ పడకు. ఫోన్లో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకు, రాతపూర్వకంగా అడుగు. అక్టోబర్ 17, 2024 నుంచి చట్టం మారింది. అద్దెకున్నవాళ్లు బాల్కనీ సోలార్ అడిగితే ఓనర్ తగిన కారణం లేకుండా కాదనకూడదు. అపార్ట్‌మెంట్ సొంతదారుల సంఘాలకూ అదే వర్తిస్తుంది. అనుమతి మాత్రం తీసుకోవాల్సిందే, చెప్పకుండా పెట్టేయడం తప్పు. ఎలా బిగించాలి, బలంగా ఉందా, ఇన్సూరెన్స్ ఉందా అని వాళ్లు అడగొచ్చు. "చూడ్డానికి బాగోదు" అన్నది ఒక్కటే అయితే నిలబడడం కష్టం. బిల్డింగు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే వేరే సంగతి, ముందు ఆ శాఖ అనుమతి కావాలి. ఫ్రీడ్రిక్స్‌హైన్‌లో అలాంటివి చాలా ఉన్నాయి, మీ అడ్రస్ ఉందేమో బెర్లిన్ ప్రభుత్వ జాబితాలో ముందే చూసుకో.

ఉత్తరంలో ఇవి రాయి: ప్యానెళ్ల సైజు, బరువు, ఏ బిగింపు సామాను, గోడకి రంధ్రాలు వేయబోమని, ఖాళీ చేసేటప్పుడు తీసేస్తామని, మీ హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్‌లో (మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి చేసే బీమా) ఇది కవర్ అవుతుందని. ఇన్సూరెన్స్ వాళ్లను అడిగి ఆ మెయిల్ జత చేయి. బాల్కనీ ఫోటో మీద ప్యానెల్ ఎక్కడ వస్తుందో గీసి పంపితే ఇంకా మంచిది. జవాబుకి గడువు పెట్టు. కాదంటే బెర్లినర్ మీటర్‌ఫెరైన్‌లో (అద్దెకున్నవాళ్ల సంఘం) సభ్యత్వం ఉన్నవాళ్లకు వాళ్ల లాయర్లు సలహా ఇస్తారు.

నా బాధ వేరు. నాకు ఫ్లాట్ సొంతం, పైన విశాలమైన కప్పు ఖాళీగా పడి ఉంది, కింద ఇరవై పైచిలుకు కుటుంబాలు. ఈ ఊళ్లో వంద కుటుంబాల్లో ఎనభైకి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటాయి. కప్పు మీద హక్కున్నవాడికి కరెంటు అవసరం లేదు, కరెంటు కట్టేవాడికి కప్పు మీద హక్కు లేదు. మే 2024లో వచ్చిన సోలార్ ప్యాకేజీ చట్టంలో దీనికి ఒక దారి పెట్టారు. కప్పు కరెంటును బిల్డింగులో వాళ్లు పంచుకోవచ్చు, ఎవరి పాత కనెక్షన్ వాళ్లకే ఉంటుంది, చాలనిది అక్కడి నుంచే వస్తుంది. అంతకుముందు పద్ధతిలో కప్పు సొంతదారు పూర్తి కరెంటు సప్లయర్ అయిపోవాలి, అందుకే ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. ఇప్పుడు అడ్డం మీటర్లు. పంచుకునే ప్రతి ఇంటికీ పావుగంటకోసారి రీడింగ్ తీసే మీటర్ ఉండాలి. మా మీటింగులో అందరూ సరేనన్నారు, మీటర్ల దగ్గరే ఫైలు ఆగింది. 2035 నాటికి బెర్లిన్ కరెంటులో 25 శాతం సోలార్ నుంచి రావాలని సెనేట్, అంటే బెర్లిన్ ప్రభుత్వం, లక్ష్యం పెట్టుకుంది. జనవరి 2023 నుంచి కొత్త ఇళ్ల కప్పులో 30 శాతం మీద ప్యానెళ్లు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ ఊరంతా ఉన్నవి పాత కప్పులే. అవి కదలకుండా ఆ 25 ఎలా వస్తుంది?

కరెంటు_రమణ
పద్మ గారు చెప్పిన ఉత్తరం పద్ధతి సరైనది. స్వాతమ్మా, బ్యాటరీ వద్దు. నీకు మిగిలిపోయేది ఏడాదికి 160 యూనిట్లు. అవన్నీ దాచుకున్నా 57 యూరోలు, దాచి తీయడంలో కొంత నష్టం. బ్యాటరీకి ఇంకో 400, 500 పెట్టాలి. దానికి బదులు వాడకం పగటికి మార్చు. నువ్వు ఇంట్లో ఉన్న రోజు రైస్ కుక్కర్ మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకి పెట్టు, 500 నుంచి 700 వాట్లు లాగుతుంది, ఎండ బాగుంటే అందులో ఎక్కువ భాగం ప్యానెల్ నుంచే. ఇడ్లీ పిండి గ్రైండర్ 150, 200 వాట్లే, అది కూడా పగలే వేసుకో. వాషింగ్ మెషిన్ నీళ్లు కాగేటప్పుడు 2000 దాటుతుంది, అప్పుడు సగానికి పైగా గ్రిడ్ నుంచే వస్తుంది. నీ సెట్టు బట్టలకంటే అన్నానికి బాగా సరిపోతుంది.

మీటర్ చూసుకో. నల్లగా, లోపల చక్రం తిరిగే పాతది అయితే మిగులు వెళ్లేటప్పుడు చక్రం వెనక్కి తిరుగుతుంది. మార్చేదాకా దాన్ని చట్టం ఒప్పుకుంటుంది. గ్రిడ్ వాళ్లు తర్వాత డిజిటల్ మీటర్ పెడతారు.

సేఫ్టీ మాట. సెట్టు ప్లగ్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టొద్దు, గోడ సాకెట్‌కే నేరుగా. గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది, ప్లగ్ పీకిన వెంటనే పిన్నుల్లో కరెంటు ఉండదు. అది సర్టిఫికెట్ ఉన్న ఇన్వర్టర్‌కే. ఎక్కడిదో తెలియని చవక సరుకు కొనొద్దు. నేను కరెంటు కంటే ఎక్కువ భయపడేది గాలికి. మూడో అంతస్తు నుంచి ప్యానెల్ ఊడి ఫుట్‌పాత్ మీద పడితే మనిషి ప్రాణం. కేబుల్ టైలతో కట్టినవి ఈ ఊళ్లో చూశాను, అలా ఎవరూ చేయకండి. రెయిలింగు తుప్పు పట్టి ఉందేమో ముందు చేత్తో ఊపి చూడు. స్టీల్ హుక్కులే వాడు, ఏటా శీతాకాలం ముందు నట్లు బిగించుకో.

రిజిస్ట్రేషన్ తేలిక. బుండెస్‌నెట్స్‌అగెంటూర్ (కరెంటు గ్రిడ్‌లను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వాళ్ల మార్క్ట్‌స్టామ్‌డాటెన్‌రెగిస్టర్ సైట్లో, పెట్టిన నెలలోపు నమోదు చేయాలి. గ్రిడ్ కంపెనీకి విడిగా చెప్పక్కర్లేదు.

గోదావరి_కిరణ్
86 యూరోలకి ఇంత హడావుడా అనిపిస్తోంది నాకు. అయినా ఖాళీ ఇంట్లో కూడా కొంత కరెంటు ఖర్చవుతుందన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. మా ఇంట్లో స్టాండ్‌బై ఎంత లాగుతుందో మీటర్ కొని కొలుస్తాను.

మాల్స్‌డోర్ఫ్_శ్రీను
కొలువు కిరణ్. మీది క్రాయిట్స్‌బెర్గ్‌లో ఐదో అంతస్తు కదా. దక్షిణం వైపు, ఎదురుగా పార్కు. రమణ అన్న నీడ లెక్క మీకు అసలు వర్తించదు. ఈ థ్రెడ్‌లో బాల్కనీ గురించి మాట్లాడుతున్నవాళ్లలో మీకే ఎక్కువ కరెంటు వస్తుంది. దేశంలో నమోదైన బాల్కనీ సెట్లు 2025లోనే పది లక్షలు దాటాయి, చాలావాటికి ఏడాదికి వంద యూరోల చుట్టూ మాటే. వాళ్లంతా డబ్బు కోసమే పెట్టలేదు.

స్వాతి_బెర్లిన్
ఈ రాత్రి ఉత్తరం రాస్తాను. పద్మ గారూ, పంపే ముందు మీకు మెసేజ్ చేస్తాను, ఒకసారి చూసి పెట్టండి. రమణ గారూ, జవాబు రావడానికే నెల పడుతుంది. ఆ తర్వాత ఎలాగూ నీడే కాబట్టి సెట్టు జనవరి ఆఖర్లో కొంటాను, ఫిబ్రవరి మధ్యకి బిగించేలా. సరేనా?

కరెంటు_రమణ
సరే. నవంబర్, డిసెంబర్‌లో ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం ఒక ఫోటో తీసి పెట్టుకో, నీడ ఏ గీత దాకా వస్తుందో తెలుస్తుంది. బిగించే రోజు చెబితే నేనొస్తాను.

వెడ్డింగ్_హర్ష
అన్నా, నేను స్టూడెంట్‌ని. మా బాల్కనీ ఉత్తరం వైపు, లోపలి హోఫ్‌లోకి (బిల్డింగుల మధ్య ఖాళీ స్థలం) ఉంది. నాకూ పనికొస్తుందా?

కరెంటు_రమణ
లేదు హర్షా, ఉత్తరం వైపు హోఫ్ అయితే డబ్బు పెట్టకు.